పిల్లర్ల కింద నుంచి మంత్రిగారికి ఒక లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. మేడిపల్లిలో వరంగల్ రోడ్డు మీద చిన్న కిరాణా దుకాణం మాది. మా ముందు పిల్లర్ల మీద కడుతున్న ఉప్పల్–నారపల్లి కారిడార్ (ఫ్లైఓవర్ రోడ్డు) సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. దుమ్ము సంగతే చెప్తాను. ఇదివరకు ఇచ్చిన నాలుగు దరఖాస్తుల్లోనూ అదే రాశాం. వాటి రసీదులు గల్లాపెట్టెలో భద్రంగా ఉన్నాయి. గల్లాలో ఇప్పుడు చోటుకు కొదవ లేదు.

పొద్దున షటర్ తీయగానే నాన్న చేసే మొదటి పని దులపడం. బిస్కెట్ డబ్బాలకు పొడిగుడ్డ, కౌంటర్‌కు తడిగుడ్డ. పది గంటలకల్లా మళ్లీ మామూలే. పప్పు బస్తా మూతి విప్పి పెట్టుకోలేం. సరుకు కంటికి కనపడకపోతే ఎవరు కొంటారు సార్? వానపడితే దుమ్ము ఉండదు, నిజమే. బురద ఉంటుంది.

ఒకప్పుడు యాదగిరిగుట్టకు పోయే జీపులు మా ముందే ఆగేవి. శనివారం రాత్రే కొబ్బరికాయల బస్తా విప్పి పెట్టేవాళ్లం. మేడారం ఏడాదైతే అమ్మకు నిద్రే లేదు. అమ్మవార్లకు 'బంగారం'గా మొక్కు చెల్లించేవాళ్లకు బెల్లం తూచి తూచి నాన్న చేతులు జిగటగా ఉండేవి. 2018లో కారిడార్ పని మొదలైంది. 2020, 2022, 2024 జాతర్లు వచ్చిపోయాయి. సమ్మక్క, సారలమ్మలు మూడుసార్లు గద్దెనెక్కి వనానికి తిరిగి వెళ్లారు. మా రోడ్డు ఒక్కసారీ పిల్లర్లెక్కలేదు.

పక్కన పిండి గిర్నీ మూతపడింది. టైలర్ లోపలి గల్లీలోకి మారాడు, కుట్టిన తెల్లచొక్కా ఇచ్చేలోపే మాసిపోతోందని. మేం మారలేం. ఉద్దెర పుస్తకంలో ఉన్నవాళ్లంతా ఈ రోడ్డువాళ్లే. రోడ్డు దాటలేకే బాకీ కట్టలేదంటున్నారు కొందరు. అది సాకేలెండి, కానీ ఆ సాకు ఇచ్చింది మీరే కదా.

మేం అడిగేది పెద్దదేం కాదు. పని అయ్యేదాకా రోజూ ట్యాంకర్‌తో నీళ్లు చల్లించండి. గుంతలు పూడ్పించండి. బండి ఆపుకునేంత చోటు వదిలి బారికేడ్లు జరిపించండి. ఎప్పటికి పూర్తవుతుందో ఒక తేదీ చెప్పండి... వద్దులెండి, తేదీలు చాలా విన్నాం. నీళ్లు చల్లించండి, చాలు.

వరంగల్ వెళ్తే మీకూ ఇదే దారి. ఈసారి మా దగ్గర ఒక్క నిమిషం కారు అద్దం దించండి సార్. నాన్న టీ తెప్పిస్తారు, గ్లాసు మీద మూత పెట్టించి.

ఇట్లు,
మేడిపల్లి కిరాణా దుకాణదారు కొడుకు