నిర్బంధాల రిజిస్టరు చదివేదెవరు?

సంపాదకుడికి,

అయ్యా,

అదుపు తప్పిన విద్యార్థిని సిబ్బంది బలవంతంగా పట్టి ఉంచడం, ఒంటరిగా గదిలో పెట్టి తలుపు మూయడం గురించి ఎప్పుడు చర్చ వచ్చినా, ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తే చాలునన్న మాటే వినిపిస్తుంది. శిక్షణ కావలసిందే. అయితే మూసిన తలుపు వెనుక జరిగినదాన్ని పాఠశాలతో సంబంధం లేనివారు ఎవరైనా పరిశీలించే ఏర్పాటు లేకపోతే ఆ శిక్షణ ఏమాత్రం అక్కరకు వచ్చిందో తేల్చే దారే ఉండదు.

అమెరికా విద్యాశాఖ 2012లో ప్రకటించిన 15 సూత్రాల ప్రకారం, విద్యార్థి వల్ల తనకు గానీ ఇతరులకు గానీ అప్పటికప్పుడు తీవ్రమైన శారీరక హాని జరిగేలా ఉంటే తప్ప ఈ రెండు రకాల నిర్బంధానికీ పూనుకోరాదు. ప్రమాదం తొలగగానే వదిలిపెట్టాలి. శిక్షగానో సిబ్బంది సౌకర్యం కోసమో అసలే వాడరాదు. ఊపిరికి అడ్డుపడే ఏ పద్ధతీ పనికిరాదు. ఈ చివరి నియమం వెనుక ప్రాణాలు పోయిన అనుభవం ఉంది. బోర్లా పడుకోబెట్టి వీపు మీద బరువు మోపితే ఛాతీ విప్పారదు, గాలి చాలదు. గాలి అందక పిల్లవాడు గింజుకుంటాడు. అది మొండితనమనుకుని పట్టుకున్నవారు ఇంకా గట్టిగా అదుముతారు. మాట్లాడుతున్నాడు గనుక ఊపిరి ఆడుతున్నట్టేనన్న నమ్మకం వట్టి భ్రమ. ప్రభుత్వ పనితీరును తనిఖీ చేసే అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం పాఠశాలల్లో నిర్బంధాలపై 2009 నివేదికలో చేర్చిన ఆరోపణలు దాదాపు అన్నీ వైకల్యం ఉన్న పిల్లలకు సంబంధించినవే. వారిలో కొందరు ఇంటికి వెళ్లి జరిగింది చెప్పుకోలేరు కూడా.

జరిగినదాన్ని రాసి పెడితే చాలనుకునేవారు అమెరికాలోని ఇలినాయిస్ రాష్ట్ర ఉదంతాన్ని గమనించాలి. అక్కడి పాఠశాలల సిబ్బంది, గదిలో ఉన్న పిల్లలు ఏడ్చినదీ, బయటికి రానివ్వమని బతిమాలినదీ రికార్డుల్లో నిమిషాల వారీగా రాసిపెట్టారు. రాష్ట్ర విద్యా మండలి మాత్రం వాటిని తెప్పించుకుని చూడలేదు. షికాగో ట్రిబ్యూన్ పత్రిక, ప్రోపబ్లికా వార్తాసంస్థ విలేఖరులు ఆ కాగితాలు సంపాదించి 2019లో ప్రచురించాక గానీ ఒంటరి నిర్బంధంపై అత్యవసర నిషేధం రాలేదు. లోపం రాయకపోవడంలో లేదు, చదవకపోవడంలో ఉంది.

తలను గోడకేసి కొట్టుకుంటున్న పిల్లవాడి ఎదుట ఉపాధ్యాయురాలిని చేతులు కట్టుకుని నిలబడమనడం నా ఉద్దేశం కాదు. ఆమె తప్పక ఆపాలి. ఆ తరువాత ఏం జరగాలన్నదే నా అభ్యర్థన. ఎందుకు పట్టుకోవలసి వచ్చింది, ఎంతసేపు, ఎవరెవరు ఉన్నారు అన్నది అదే రోజు లిఖితపూర్వకంగా తల్లిదండ్రులకు అందాలి. దాని ప్రతి పాఠశాల యాజమాన్యానికి లోబడని అధికారికి చేరాలి. ఒకే విద్యార్థి విషయంలో ఇది మళ్లీ జరిగితే, ఆ ఉద్రేకానికి ముందు తరగతిలో ఏం జరుగుతోందో తల్లిదండ్రుల సమక్షంలోనే సమీక్షించి, అతనికి పాఠం చెప్పే తీరును మార్చాలని ఆ అధికారి ఆదేశించగలగాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు