ముందు మాట వినబడాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. గత ఆదివారం మీ పత్రిక జిల్లా అనుబంధంలో పండుగ కొనుగోళ్లపై వచ్చిన వ్యాసంలో, హోమ్ థియేటర్ కొనేవారు మొదట వాట్లను, తరువాత లోతైన మోతలు పలికించే సబ్‌వూఫర్ పరిమాణాన్ని, ఆ తరువాత స్పీకర్ల సంఖ్యను చూసుకోవాలని సలహా ఇచ్చారు. టీవీ దగ్గర నడుమ పెట్టే సెంటర్ స్పీకరు గురించి అందులో ఒక్క వాక్యమే ఉంది. కావలిలో చాలా ఏళ్లు భౌతికశాస్త్రం బోధించి విరమణ చేసినవాడిగా, అంతకు మించి సరిగ్గా ఇటువంటి సలహానే నమ్మి ఒకసారి డబ్బు వదిలించుకున్నవాడిగా, ఆ వరుస తలకిందులుగా ఉందని మనవి చేస్తున్నాను.

నాలుగేళ్ల క్రితం నెల్లూరులోని ఒక దుకాణంలో మాకు ఒక పోరాట దృశ్యం వేసి వినిపించారు. అద్దాల తలుపులు అదిరేసరికి మా అబ్బాయి ముచ్చటపడ్డాడు, నేనూ కాదనలేకపోయాను. తీరా ఇంటికి తెచ్చి బిగించాక, ఎనభై దాటిన మా అమ్మ రెండు నిమిషాలకొకసారి "ఏందబ్బయ్యా అనింది ఆ పిల్ల?" అని అడగడం మొదలుపెట్టింది. మాట కోసం శబ్దం పెంచితే వెంటనే వచ్చే పాటకు పక్కింటివారు కిటికీలు మూసుకునేవారు, తగ్గిస్తే మళ్లీ మాట వినబడేది కాదు. సినిమా చూసినంతసేపూ రిమోట్ నా చేతిలోనే ఉండేది. తప్పు మా అమ్మ చెవులదనుకున్నాను కానీ, నిదానంగా గమనిస్తే నాకూ సగం మాటలు అందడం లేదు.

సినిమాకు శబ్దమిశ్రమం చేసేవారు సంభాషణలలో అత్యధిక భాగాన్ని మధ్య మార్గంలోనే, అంటే సెంటర్ స్పీకరుకు వెళ్లే శబ్దంలోనే పెడతారు. హాలులో ఆ స్పీకరు తెర వెనుక ఉంటుంది, తెరకున్న సన్నని రంధ్రాల గుండా మాట నటుడి నోటి నుంచే వచ్చినట్టు వినబడుతుంది. ఇది నేటి విషయమేమీ కాదు. 1933లో అమెరికాలో టెలిఫోను పరిశోధనలు చేసే బెల్ ప్రయోగశాలలవారు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న వాద్యబృందాన్ని వాషింగ్టన్‌లోని సభకు వినిపించినప్పుడు కుడి, ఎడమలతో పాటు మధ్యలోనూ ఒక మార్గం పెట్టారు. అంత దూరం ఎందుకు, మన ఊళ్లలో శ్రీరామనవమికి పద్యనాటకం ఆడే నటులు రాగం తీయవలసి వచ్చేసరికి రంగస్థలం నడుమ వేలాడే మైకు కిందికే వచ్చి నిలబడేవారు.

రెండే స్పీకర్లున్నా మాట మధ్యలోంచి వచ్చినట్టు అనిపిస్తుంది కదా అని కొందరు అడుగుతారు. నిజమే, కానీ సరిగ్గా నడుమ కూర్చున్న ఒక్కరికే. సోఫాలో ఇద్దరు, దివాను మీద ఒకరు, గోడవారగా పడకకుర్చీలో నాయనమ్మ, నేల మీద పిల్లలు ఉండే మన ఇళ్లలో, ఎవరికి దగ్గరగా ఉన్న స్పీకరు వారివైపే మాటను లాగేసుకుంటుంది. ఒంటరిగా చూసుకునేవారు మాత్రం నాసిరకం సెంటర్ స్పీకరు కంటే మంచి స్పీకర్లు రెండు కొనుక్కోవడమే మేలని ఒప్పుకుంటాను.

తెలుగు అజంత భాష కనుక పదాల చివరి అచ్చులు ఎలాగూ మోగుతాయి. కానీ స, శ, ష, చ వంటి హల్లులే మాటను మాటగా నిలబెడతాయి. వాటి ఆనవాళ్లు చాలావరకు 2,000 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 2,000 కంపనాలకు పైనే ఉంటాయి. పెట్టెసెట్లలో అరచేయంత ఉండే సెంటర్ స్పీకరు ఈ పని సరిగ్గా చేయలేదు. చేయగలిగినదాన్ని కూడా మనమే పాడుచేస్తాము. నేను దాన్ని టీవీ స్టాండు కింది అరలో లోపలికి తోసి పెట్టాను, ముందు పూలకుండీ కూడా ఉండేది. అర అంచు దాకా ముందుకు జరిపి, కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి ముఖాన్ని చెవుల వైపు ఎత్తి, స్పీకర్లకు శబ్దాన్ని పంచే రిసీవరులో దాని మోతాదు 3 డెసిబెల్స్ (శబ్ద తీవ్రత కొలత) పెంచగానే అమ్మ ప్రశ్నలు సగానికి తగ్గాయి. తరువాత ముందువైపు మూడు స్పీకర్లనూ ఒకే కంపెనీ ఒకే వరుసలోవి తెచ్చాను. వాటి గొంతులు కలవకపోతే, తెర మీది పాత్రతో పాటు శబ్దం కూడా అటు నుంచి ఇటు కదిలినప్పుడు స్వరం మారిపోతుంది.

సబ్‌వూఫరును నేను తీసిపారేయడం లేదు. అయితే 80 హెర్ట్జ్‌కు దిగువ శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు కనుక దాన్ని ఎక్కడికైనా జరుపుకోవచ్చు. మన స్లాబు ఇళ్లలో 12 అడుగుల గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం తనంత తానే ఉబ్బుతుంది. గుమ్ముమనే ఆ మోత సబ్‌వూఫరుది కాదు, గదిది. దాన్ని మూల నుంచి ఒక గజం తప్పిస్తే చాలాసార్లు పెద్దది కొనవలసిన పనే ఉండదు. వెనుక స్పీకర్లు ఓ మాదిరివైనా సరిపోతాయి. ఇళ్లకు వచ్చిన తొలినాటి చుట్టుశబ్ద పద్ధతి డాల్బీ సరౌండ్‌లో వెనుక మార్గానికి 7,000 హెర్ట్జ్ వరకే ఇచ్చేవారు. పై నుంచి శబ్దం వినిపించేందుకు పైకప్పుకు బిగించే అట్మాస్ స్పీకర్ల సంగతి ఇవన్నీ కుదిరాకే.

ఇక వాట్లు. శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెట్టింపుగా తోచాలంటే దాదాపు పది రెట్లు కావాలి. అట్టపెట్టె మీద వేలల్లో అచ్చువేసే అంకెతో గదిలో మాట స్పష్టతను కొలవలేము.

సంక్రాంతికి మీరు మళ్లీ ఇటువంటి వ్యాసం వేస్తే, కొనేవారు దుకాణానికి వెళ్లినప్పుడు పోరాటానికి బదులు ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సన్నివేశాన్ని తక్కువ శబ్దంలో, ఒక పక్కగా కూర్చుని వినమని ఒక మాట చేర్చగలరని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత అధ్యాపకుడు,
కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా