ఆ గోడ గురించి కూడా రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఫ్యూజన్ రియాక్టర్ (సూర్యుడిలో లాగా చిన్న కేంద్రకాలని కలిపి శక్తి తీసే యంత్రం) మీద వచ్చిన వ్యాసం మా పిల్లలు కత్తిరించి క్లాసుకి తెచ్చారు, నేను చిత్తూరులో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. ఫ్రాన్స్‌లో చాలా దేశాలు కలిసి ఇటర్ అనే ఫ్యూజన్ యంత్రం కడతా ఉండేది, 15 కోట్ల డిగ్రీల వేడి, మన దేశం అందులో భాగస్వామి కావడం, అన్నీ బాగానే రాశారు. కానీ ఒక పాప అడిగిన దానికి అందులో జవాబు లేదు. అంత వేడి పక్కన గోడ దేంతో కడతారు సార్, కరిగిపోదా అని.

అసలు కథ ఆ గోడదే. ప్లాస్మాని, అంటే ఆ వేడికి ఎలక్ట్రాన్లు ఊడిపోయిన వాయువుని, అయస్కాంతాలతో గోడకి తగలకుండా పట్టుకున్నా కొన్ని కణాలు తప్పించుకుని పోయి తగులుతూనే ఉంటాయి, అప్పుడు గోడలోని పరమాణువులు ఊడి ప్లాస్మాలోకి పోతాయి, అవి బరువైనవైతే వేడిని కాంతిగా బయటికి పంపించేసి ప్లాస్మాని చల్లార్చేస్తాయి. గోడకి వాడే బెరీలియం అనే తేలిక లోహానికి ఉండేది నాలుగే ఎలక్ట్రాన్లు, ఆ వేడికి నాలుగూ ఊడిపోతాయి కాబట్టి దాంతో నష్టం తక్కువ. పైగా లోపల మిగిలిన ఆక్సిజన్‌ని పట్టేసుకుంటుంది. టంగ్‌స్టన్ అనే బరువైన లోహం 3422 డిగ్రీల దాకా కరగదు, బెరీలియం 1287కే కరుగుతుంది, అయినా ఇంగ్లండ్‌లోని జెట్ అనే ఫ్యూజన్ యంత్రానికి 2011లో లోపలి గోడంతా బెరీలియం వేసి, బాగా వేడి తగిలే కింది భాగానికి మాత్రం టంగ్‌స్టన్ పెట్టారు. 2023లో అదే గోడతో 69 మెగాజౌళ్ళ శక్తి తీశారు.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఫ్యూజన్‌కి కావాల్సిన ట్రిటియం (ఒక రకం బరువైన హైడ్రోజన్) ప్రకృతిలో దాదాపు దొరకదు, రియాక్టర్‌లోనే లిథియంని న్యూట్రాన్లతో కొట్టి తయారు చేసుకోవాలి, ఒక్కో ఫ్యూజన్‌కి వచ్చేది ఒక్క న్యూట్రానే, అందులో కొన్ని వృథా అవుతాయి. బెరీలియంకి వేగంగా వచ్చిన న్యూట్రాన్ ఒకటి తగిలితే అది రెండు హీలియంలుగా విరిగి రెండు న్యూట్రాన్లు బయటికి వస్తాయి. ఆ లోటు అట్ల పూడుతుంది. సీసంతో కూడా న్యూట్రాన్లని పెంచుకోవచ్చు.

మరి ఇంత మంచి లోహాన్ని ఇటర్ వాళ్ళు 2023లో ఎందుకు వద్దనుకున్నారు? సుమారు 12 టన్నులు వేయాలనుకున్న చోట మొత్తం టంగ్‌స్టన్‌కి మారిపోయారు. బెరీలియం త్వరగా అరిగిపోవడం ఒక కారణం, దాని పొడి విషం కావడం ఇంకో కారణం. ఉంగరంలోని పచ్చరాయిలో ఉండేది కూడా ఈ లోహమే, రాయిగా ఉన్నంతకాలం ఏమీ చేయదు, పొడిగా ఊపిరితిత్తుల్లోకి పోతే మాత్రం ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా జబ్బు బయటపడొచ్చు. అమెరికాలో 2017లో పనిచేసే చోట గాలిలో ఘనపు మీటరుకి 0.2 మైక్రోగ్రాములు దాటకూడదని రూలు పెట్టారు.

ఇది చదివినప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. 22 ఏళ్ళు ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో రాయి కోశాడు. సాయంత్రం వస్తే కనురెప్పల మీదంతా తెల్లటి పొడి, మా అమ్మ ఆ చొక్కా వాకిట్లో దులిపితే ముగ్గుపిండి చల్లినట్టు పడేది. నీళ్ళు పోస్తా కోస్తే దుమ్ము లేవదు, కానీ పని లేటవుతాదని పొడిగానే కోయించినారు, ముక్కుకి తువ్వాలు కూడా ఆయన సొంతదే. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ జబ్బు అని తేలేసరికి నాలుగు మెట్లు ఎక్కలేకపోయినాడు. అది బెరీలియం జబ్బు కాదు, నాకు తెలుసు, కానీ రెండింటిలోనూ పనివాడి ఊపిరిలోకి పోయేది కంటికి ఆనని దుమ్మే కదా.

అంత పెద్ద యంత్రం డిజైన్ మార్చేటప్పుడు గోడ బిగించే మనిషి ఊపిరిని కూడా లెక్కలోకి తీసుకున్నారనే సంగతి మీ వ్యాసంలో ఉండాల్సింది. దయచేసి ఇంకో ఆదివారం ఆ గోడ మీద రాయండి, మీ రిపోర్టర్‌ని ఒక రోజు మా గ్రానైట్ యూనిట్ల వైపు కూడా పంపండి. ప్రశ్న అడిగిన పాప వాళ్ళ నాయన ఇప్పుడు అక్కడే పనిచేస్తా ఉన్నాడు.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్, చిత్తూరు