పాలకేంద్రం గదిలో ఊరి కాగితాలు

ఒరేయ్ సాంబా,

ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నా. మాస్టారూ మేమూ కలిసి ఊళ్ళో ఇళ్ళల్లోని పాత కాగితాలకి ఫోటోలు తీసి పట్టిక రాస్తున్నాం కదా, దాని గురించే. "ఆ పాత కాగితాలన్నీ మూటగట్టి హైదరాబాదు తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ వాళ్ళకి ఇచ్చేస్తే పోలా, మీకెందుకురా ఈ తిప్పలు" అన్నావు మొన్న. ఆ మాట మాస్టారికి చెప్పా. ఆయనేం కోప్పడలేదు. "సాంబశివరావుని ఓ ఆదివారం వచ్చి గదిలో కూర్చోమను" అన్నారంతే. నువ్వెలాగూ మియాపూర్ దాటి రావు. అందుకని గది సంగతులన్నీ నేనే రాస్తున్నా.

గది ఏదనుకున్నావు? రామాలయం వెనక పాత పాలకేంద్రం. చిన్నప్పుడు క్యాన్లు పట్టుకుని వరసలో నుంచునేవాళ్ళం చూడు, అదే. పాలకి వెన్న శాతం చూసే గట్టు మీదే ఇప్పుడు ఫోను స్టాండు. అటొకటి ఇటొకటి ట్యూబులైట్లు నాగూర్ బిగించిపెట్టాడు. మడతలు పడ్డ కాగితం మీద అద్దంపలక పెట్టి ఫోటో తీస్తాం. డిగ్రీ చదివే ఆడపిల్లలిద్దరు పేర్లు పెట్టి కంప్యూటర్లో ఎక్కిస్తారు. ఒక కాపీ గదిలో, ఒకటి మాస్టారింట్లో, ఇంకోటి గుంటూరులో ఆయన కూతురి దగ్గర. జీతాల్లేవు, టీ డబ్బులు వంతులవారీ. సంఘం రిజిస్టరు చేయిద్దామని ఒకరిద్దరు అన్నారు గానీ, అధ్యక్షుడెవరనే దగ్గర గొడవొస్తుందని మాస్టారు ఆపేశారు. మన ఊరి సంగతి ఆయనకి తెలియంది కాదు.

ఇక అసలు విషయం. మేం అసలు కాగితం ఉంచుకోం. పొద్దున తెస్తే సాయంత్రానికి తెచ్చినవాళ్ళ చేతికే ఇచ్చేస్తాం. ఎందుకంటావా? మన ఊళ్ళో పాత కాగితం బయటికి తీయడమంటే పొలం గొడవ బయటికి తీయడమే. 2020 చివర్లో భూముల రీసర్వే మొదలైన దగ్గర్నుంచీ జనానికి ఈ భయం ఇంకా ముదిరింది. ఒక పెద్దాయన ట్రంకుపెట్టె తెచ్చి, పక్కనే స్టూలేసుకుని కూర్చుని, ప్రతి కాగితం ఆయనే తీసిచ్చి ఆయనే మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నాడు. ఒక ఎర్రగుడ్డ మూట మాత్రం విప్పనివ్వలేదు. "అది మా అన్నదమ్ములది" అన్నాడు. సరే బాబాయ్ అన్నాం. అలాంటివాడు తార్నాకకి పంపుతాడా? సర్కారు దఫ్తరాలు సర్కారు దగ్గరుండటం న్యాయమే, నేను కాదనను. పెళ్ళి ఖర్చుల చిట్టాలు, పాలేరు జీతం లెక్కలు, కాశీ నించి రాసిన కార్డులు మాత్రం ఇంట్లోనే ఉండాలి. వాటికి కావలిసింది ఫోటో, ఎక్కడున్నాయో చెప్పే ఒక పట్టిక.

చదవడం మాత్రం నరకంరా. ముందు తేదీ. పాత శిస్తు కాగితాల్లో ఫసలీ సంవత్సరం వేస్తారు, దానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది. అది జూలైలో మొదలవుతుంది కాబట్టి ఒక ఫసలీ రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పడుతుంది. ఇళ్ళ చిట్టాల్లో అదీ ఉండదు, ఒట్టి "నందన" అనో "విరోధి" అనో రాసి వదిలేస్తారు. నందన అరవై ఏళ్ళకోసారి వస్తుంది. 1832 నందనే మన గుంటూరు డొక్కల కరువు మొదలైన ఏడు, తర్వాత 1892, ఆ తర్వాత 1952. కాగితాన్ని బట్టి, సిరాని బట్టి, పేర్లని బట్టి ఏ నందనో తేల్చాలి. ఇక అంకెలు. అర, పాతిక సరే. పరక అంటే అరపాతిక, వీసం అంటే పదహారో వంతు. మా అమ్మాయిలకి ఇప్పుడు క్యాలిక్యులేటర్ అక్కర్లేదు, పరకలూ వీసాలూ నోటితో కూడేస్తున్నారు.

ఫసలీ 1331 అని ఒక కట్ట దొరికింది. 590 కలుపు. 1921-22. అర్థమైందా? పెదనందిపాడు పన్నుల నిరాకరణ! పర్వతనేని వీరయ్య చౌదరి గారి శాంతిసేన, మునసబులూ కరణాలూ రాజీనామాలు ఇవ్వడం, పశువుల్ని జప్తు చేస్తారని ముందే తోలేయడం, ఇవన్నీ అరుగుల మీద విన్నవే కదా మనం. చౌరీచౌరా తర్వాత ఫిబ్రవరిలో గాంధీ గారు ఉద్యమం ఆపేసేదాకా ఆ ఫిర్కాలో, అంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో, దమ్మిడీ వసూలు కాలేదని మన తాతలు మీసం మెలేసేవాళ్ళు. ఆ కట్టలో శిస్తు కట్టిన రశీదులున్నాయి! జనవరివి. అదీ ఎవరింట్లోవనుకున్నావు? చెప్పను. ప్రతి ఆగస్టు పదిహేనుకీ మైకు పట్టుకుని తాతగారి త్యాగం గురించి మాట్లాడే ఇల్లు అని మాత్రం చెప్తా. నీకు తెలుస్తుందిలే.

రశీదులు తెచ్చినావిడ ఆ ఇంటి కోడలు. అవేమిటో ఆవిడకి తెలీదు. మాస్టారు ఆవిడని కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు: "అమ్మా, ఇవి పన్ను కట్టిన రశీదులు. మీవాళ్ళని అడిగి, చూపించొద్దంటే మూసిపెడతాం, సరేనంటే పట్టికలో ఎక్కిస్తాం." వాళ్ళింట్లో ఆ రాత్రి పెద్ద పంచాయితీ అయిందట. చివరికి ముసలాయన, ఆ త్యాగం చేసిన తాతగారి మనవడే, వచ్చి ఏమన్నాడో తెలుసా? "దూడలున్న గేదెల్ని జప్తు చేస్తారని భయపడ్డాడేమోలే. రాసుకోండి." నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. చివరి గడియలో భయపడ్డవాడు కూడా మన ఊరివాడే కదా. వీరులే ఉన్న చరిత్రలో మనలాంటివాళ్ళం ఎక్కడ దూరతాంరా?

కైఫియత్తు సంగతి కూడా రాయాలి. రెండొందల ఏళ్ళ కిందట కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ళ మనుషులూ ఊరూరా తిరిగి కరణాల చేత ఊరి చరిత్ర రాయించారు చూడు, తర్వాత బ్రౌన్ దొర వాటికి నకళ్ళు తీయించాడు. గుంటూరు జిల్లావి అచ్చయ్యాయి. మన ఊరిది కొంచెమే ఉంది. సర్కారు ముర్తిజాంనగరు అని మొదలవుతుంది, అంటే గుంటూరే. గుడి ఎవరు కట్టారు, దేవుడికి మాన్యమెంత, అగ్రహారం ఎవరికిచ్చారు, అంతా ఉంది. చెరువు ఎవరు తవ్వించారో ఉంది, తవ్వినవాళ్ళు లేరు. దానికి కరణాన్ని తిట్టి లాభం లేదు. ఆయన లెక్క భూమి లెక్క, భూమి లేనివాడు ఆ లెక్కలోకి రాడు.

ఆ లోటు తీర్చింది ఎవరో తెలుసా? పల్లెలో, అదే మన దళితవాడలో, లూథరన్ చర్చి. లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరొచ్చింది 1842లో. ఆ మిషన్ వాళ్ళు ఊళ్ళలో చర్చిలు పెట్టాక బాప్తిస్మపు రిజిస్టర్లు రాశారు. బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు. తల్లి పేరు, సాంబా! మన వైపు ఇళ్ళ కాగితాల్లో ముత్తవ్వల పేర్లు వెతికితే "వారి భార్య" అనే ఉంటుంది. పల్లెలో వాళ్ళకి మాత్రం తల్లుల పేర్లు వరసగా ఉన్నాయి. పాస్టరుగారు మొదట ఒప్పుకోలేదు. ఊళ్ళోవాళ్ళు ఇన్నేళ్ళకి మా పుస్తకం అడుగుతున్నారేంటని అనుమానం, ఉండదా మరి? రిజిస్టరు చర్చి గడప దాటకూడదు, ఫోటోలు పల్లె పిల్లలే తీయాలి అన్నారు. నాగూర్ లైట్లు విప్పి అక్కడికే పట్టుకెళ్ళాడు. ఇప్పుడు ఆ పిల్లల్లో ఒకడు, రాజు, మాతోనే పనిచేస్తున్నాడు, మా అందరికంటే ఫోటోలు బాగా తీస్తాడు.

పోయిన నెల వేటపాలెం కూడా వెళ్ళొచ్చాం, సారస్వత నికేతనం చూద్దామని. 1918లో పుట్టిన గ్రంథాలయం. పాత పత్రికలు వాళ్ళ దగ్గర ఉన్నంత ఇంకెక్కడా లేవేమో అనిపిస్తుంది. దాని గురించి విడిగా రాస్తా, లేకపోతే ఈ ఉత్తరం తెమలదు.

ఇప్పుడు నీ దగ్గరికొస్తున్నా. గొలుసుకట్టు రాత మాకు కొరుకుడు పడటం లేదు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం కలిపేసి రాసిన కరణాల రాత మాస్టారికీ సగమే తెలుస్తోంది. పిన్నిగారు చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారికి చిట్టాలు రాసిపెట్టేవారని నువ్వే చెప్పావు. ఆవిడ చదవగలరు. వీడియో కాల్లో రోజుకో అరగంట చాలు, మధ్యాహ్నం నిద్ర లేచాక. ఆవిడకీ పొద్దుపోతుంది, మియాపూర్ ఫ్లాట్లో టీవీ తప్ప ఏముంది పాపం.

రెండోది, నీ అటక మీది పెట్టె. 1984లో ఎన్టీఆర్ కరణాల్నీ మునసబుల్నీ తీసేసినప్పుడు మీ తాతగారు సర్కారు లెక్కలన్నీ అప్పగించి, సొంత కాగితాలు ఆ పెట్టెలో పెట్టుకున్నారు. ఆయన పోయాక అది నీతోపాటే హైదరాబాదొచ్చింది. మా కాగితాలు తార్నాకకి ఇమ్మన్న పెద్దమనిషివి, ఆ పెట్టె మూత ఎప్పుడైనా తీశావురా? పైగా తార్నాక నీకే దగ్గర!

శనివారం రాత్రి బస్సుకి రాజు వస్తున్నాడు. పెట్టె వాడికిచ్చి పంపొద్దు, అక్కడే ఫోటోలు తీసి అక్కడే పెట్టేస్తాడు. ఈలోపు నువ్వు శుభ్రం చేద్దామని తడిగుడ్డ పెట్టకు. చిరిగినచోట సెల్లో టేపు అంటించకు, లామినేషన్ అసలే వద్దు. తాటాకులేమైనా ఉంటే కట్టు విప్పకు, వాడు చూసుకుంటాడు. వాడికి కూర్చోడానికి కిటికీ పక్కన ఒక బల్ల చాలు. కాఫీ తాగడు, టీ ఇవ్వు.

పిన్నిగారికి నమస్కారాలు చెప్పు.

నీ
కోటి