సూపర్‌నోవా పరిశోధన: బరంపురం పిల్లలకు దారి తెలియాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ విద్యా పేజీలో బ్యాంకు, రైల్వే పరీక్షల ప్రకటనలు క్రమం తప్పకుండా వస్తున్నాయి. ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివినవారిని పీహెచ్‌డీకి తీసుకెళ్లే జెస్ట్ ప్రవేశ పరీక్ష ప్రకటన మాత్రం కనిపించడం లేదు. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో ఆ పేజీని పిల్లల కోసమే దాచిపెట్టే తల్లిదండ్రులున్నారు. అందుకే ఈ ఉత్తరం.

పేలిపోతున్న నక్షత్రాలను, అంటే సూపర్‌నోవాలను, పరిశీలించి డాక్టరేట్ చేయాలంటే విదేశాలకే వెళ్లనక్కరలేదు. బెంగళూరులో ఐఐఏ, నైనితాల్‌లో ఏరీస్, పుణెలో ఐయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థలు ఉన్నాయి. 2023 మే 19న ఎం101 గెలాక్సీలో, సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో బయటపడిన సూపర్‌నోవాను లద్దాఖ్‌లోని హిమాలయన్ చంద్ర టెలిస్కోపు, మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం రెండూ గమనించాయి. ఆ టెలిస్కోపు 4,500 మీటర్ల ఎత్తున హాన్లేలో ఉంటే, దాన్ని నడిపేది బెంగళూరు దగ్గరి హోసకోటె నుంచి. పరిశోధక విద్యార్థి రాత్రంతా కూర్చునేది కంప్యూటరు ముందే. మా ఊళ్లో టెలిస్కోపు లేదన్నది అడ్డంకే కాదు.

అడ్డంకి పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో వస్తోంది. క్వాంటమ్ మెకానిక్స్ బాగా చెప్పిన పిల్లలు, ఒక్క చిత్రాన్నయినా స్వయంగా కొలిచారా అని అడిగితే ఆగిపోతున్నారు. టెలిస్కోపులోని సీసీడీ కెమెరా తీసిన చిత్రం ఉన్నదున్నట్టుగా పనికిరాదు. బయాస్ (వెలుగు పడకపోయినా కెమెరా చూపే అంకె) తీసేయాలి, ఫ్లాట్‌తో (సమానమైన వెలుగును తీసిన చిత్రంతో) భాగించాలి, కాస్మిక్ కిరణాల మచ్చలు తుడవాలి. తర్వాత అదే చిత్రంలో మాగ్నిట్యూడ్ (ప్రకాశపు కొలత) తెలిసిన నక్షత్రాలతో పోల్చి సూపర్‌నోవా ప్రకాశం కట్టాలి. అసలు తప్పు జరిగేది ఇక్కడే. సూపర్‌నోవా వెనక దాని గెలాక్సీ వెలుగు ఉంటుంది. పేలుడుకు ముందు తీసిన చిత్రాన్ని ఇందులోంచి తీసివేయకపోతే ఆ వెలుగూ సూపర్‌నోవా ఖాతాలోనే పడుతుంది. మొదటి వారాల్లో తేడా తెలియదు, మసకబారేకొద్దీ పెరుగుతుంది. టైప్ 2 (భారీ నక్షత్రం కుప్పకూలి పేలే రకం) సూపర్‌నోవా ప్రకాశం చివరి దశలో రేడియోధార్మిక కోబాల్ట్-56 క్షయాన్ని అనుసరించి 100 రోజులకు సుమారు 0.98 మాగ్నిట్యూడ్ చొప్పున తగ్గాలి (గామా కిరణాలు బయటికి జారిపోతే ఇంకా వేగంగా). తీసివేత చేయని గ్రాఫు నెమ్మదిగా దిగుతుంది, పేలుడులో పుట్టి ఆ కోబాల్ట్‌గా మారిన నికెల్ ద్రవ్యరాశి ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది. రెండు చిత్రాల్లో నక్షత్రాల చుక్కల వెడల్పును సమానం చేయకుండా తీసివేసినా చెడుతుంది, గెలాక్సీ నడుమ నలుపు తెలుపు వలయాలు మిగులుతాయి. ఇదంతా చేత్తో చేస్తేనే వచ్చే పని.

చేయడానికి ఖర్చు లేదు. ఆకాశాన్ని పదే పదే చిత్రించే అమెరికాలోని జడ్‌టీఎఫ్ సర్వే చిత్రాలు, తీసివేతకు కావలసిన పాత చిత్రాలతో సహా, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, దానిలో ఖగోళ లెక్కలకు వాడే ఆస్ట్రోపై కూడా ఉచితమే. మామూలు కంప్యూటరు చాలు. ఎమ్మెస్సీ చివరి సెమిస్టరు ప్రాజెక్టుగా ఒక్కో విద్యార్థికి ఒక్కో సూపర్‌నోవా, ముప్ఫై రాత్రుల చిత్రాలు ఇవ్వాలని ఇక్కడి విశ్వవిద్యాలయాన్ని కోరుతున్నాం. బరంపురంలోనే 2016 నుంచి ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ ఉంది. వేసవిలో ఆరు వారాలు దాని ల్యాబును చుట్టుపక్కల కళాశాలల పిల్లలకు తెరిస్తే ఎంతో మేలు.

ఇంకో పొరపాటు చాలా ఏళ్లుగా చూస్తున్నాం. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గట్టెక్కితే సీటు వచ్చినట్టేనని పిల్లలు ఊరుకుంటున్నారు. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్ అర్హత) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000 ఫెలోషిప్ అందుతుంది, నిజమే. కానీ ప్రతి సంస్థకూ విడిగా దరఖాస్తు పెట్టాలి. పీహెచ్‌డీ ప్రవేశానికి గేట్ స్కోరు మూడేళ్లు పనికొస్తుంది, జెస్ట్ స్కోరు ఒక్క ఏడాదే.

సరిహద్దులో ఉన్నవారికి ధ్రువపత్రాల చిక్కు అదనం. కేంద్ర ఓబీసీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఆంధ్ర జాబితాలోని కులం ఒడిశా జాబితాలో ఉండకపోవచ్చు. శ్రీకాకుళం బంధువుల ఊరి పత్రాన్ని నమ్ముకోకుండా, ఇక్కడి తహసీల్దారు ఆఫీసులో కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం ముందే తీసుకోవాలి.

గేట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరుల్లో, జెస్ట్‌వి సంక్రాంతి చుట్టుపక్కల తీసుకుంటారు. ఆ ప్రకటనలు వెలువడిన వారంలోనే చివరి తేదీతో సహా మీ విద్యా పేజీలో వేయాలని మనవి.

ఇట్లు,
భౌతికశాస్త్ర అధ్యాపకులు,
బరంపురం, గంజాం జిల్లా