కారు వేడెక్కడం ఆగింది: మోటార్ వైండింగ్ బాబాయ్ గారికీ, ఇంకొందరికీ కృతజ్ఞతలు

మా రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉన్నట్టుండి వేడెక్కిపోయే సంగతి మీలో చాలామందికి తెలుసు. కనిపించినప్పుడల్లా "బండి ఎలా ఉంది?" అని నాకంటే ముందు దాని క్షేమం అడిగారు. ఇప్పుడు బాగుంది. బాగు చేసినవాళ్ళకి నలుగురిలో థాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాద్దామనుకుంటే అసలు పని చేసిన పెద్దాయనే వద్దన్నారు. "నా పేరు పెట్టకు బాబూ, రేపట్నుంచి కార్లు పట్టుకొచ్చి షెడ్డు ముందు పెడతారు, నేను చెరువుల మోటార్లు ఎప్పుడు చుట్టుకోవాలి?" అన్నారు. కాబట్టి ఎవరి పేరూ లేదు. చదివితే ఎవరికి వాళ్ళకి తెలిసిపోతుంది.

కారు గురించి ముందు కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. దీని ఇంజిన్ సీట్ల వెనకాల ఉంటుంది. రేడియేటర్లు మాత్రం ముందు బంపర్ లోపల, కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి. దేని ఫ్యాను దానిదే. వెనకున్న ఇంజిన్ నుంచి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కారు అడుగున పొడుగాటి పైపుల్లో ముందుకి వచ్చి, చల్లబడి, మళ్ళీ వెనక్కి పోవాలి. అంతా కలిపి 20 లీటర్ల పైచిలుకు పడుతుంది. కంపెనీ పేరు రాయట్లేదు. ఇందులో కంపెనీ చేసిన తప్పేమీ లేదు, మన ఉప్పు గాలే చేసింది.

విచిత్రం ఏమిటంటే, మే నెల మిట్టమధ్యాహ్నం ఏసీ వేసుకుని రావులపాలెం నుంచి సిద్ధాంతం బ్రిడ్జి మీదుగా తణుకు వెళ్ళినా టెంపరేచర్ ముల్లు కదిలేది కాదు. అదే కారు సంక్రాంతికి, చల్లటి పూట, భీమవరం రోడ్డులో కోడిపందేల జనం మధ్య ఇరుక్కున్నప్పుడు ఎర్ర గీత దాకా లేచింది. పోనీ ట్రాఫిక్‌లో ప్రతిసారీ అలాగే అవుతుందా అంటే అదీ లేదు. ఒక రోజు అరగంట నిలబడినా ఏమీ కాదు, ఇంకో రోజు రైల్వే గేటు దగ్గరే మొదలయ్యేది.

సంక్రాంతి రోజు పాలకోడేరు దగ్గర టీ కొట్టు పిన్నిగారికి మొదటి దండం. ముల్లు లేవగానే నేను ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, అద్దాలు దించాను. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. పక్క సీట్లో పట్టుచీర కట్టుకుని కూర్చున్న మా ఆవిడకి ఈ సైన్సు ఏమాత్రం నచ్చలేదు. పక్కకి తీసి ఇంజిన్ ఆపాక ఎవరో బిందె నిండా బోరు నీళ్ళు తెచ్చి పోసేద్దామన్నారు. పిన్నిగారు అడ్డం వచ్చి "ఆగండాగండి, కాగిన మూకుట్లో చన్నీళ్ళు పోస్తారా ఎవరైనా?" అన్నారు. అక్షరాలా నిజం. వేడి మీద కూలెంట్ ట్యాంకు మూత తీస్తే ప్రెషర్‌కి మరిగే కూలెంట్ మొహం మీదకి చిమ్ముతుంది, వేడి ఇంజిన్‌లో చల్లటి నీళ్ళు పడితే లోహం పగిలే ప్రమాదం కూడా ఉంది. పైగా మా వైపు బోరు నీళ్ళు ఉప్పన, రేడియేటర్‌లో పొలుసు కట్టేస్తాయి. చల్లారేదాకా నీడలో కుర్చీలు వేసి కూర్చోబెట్టి, టీకి డబ్బులు కూడా తీసుకోలేదావిడ.

తర్వాత ఒక సిటీ వర్క్‌షాప్ వాళ్ళు థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌కి దారి తెరిచే వాల్వు) మార్చారు, వాటర్ పంపు మార్చారు, ఆఖరికి హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాకుకీ పైభాగానికీ మధ్య ఉండే సీలు, పోయిందన్నారు. ఇంజిన్ దింపాలి, లక్షల్లో అవుతుందన్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ఆ కథ అంతటితో వదిలేస్తాను.

ఇంజిన్ దింపకుండా నన్ను ఆపింది రాజమండ్రిలో ఆటోమొబైల్ పాఠాలు చెప్పే మాస్టారు. ఆయనకి రెండో దండం. "విప్పే ముందు నిరూపించమనండి" అని, తన కిట్టు తనే పట్టుకుని వచ్చారు. ముందు కూలెంట్ ట్యాంకుకి చేతి పంపు బిగించి దాదాపు 1 బార్ ప్రెషర్ ఎక్కించారు. ఎంతసేపు చూసినా పంపు మీటర్ ముల్లు దిగలేదు, అంటే బయటికి లీకు లేదు. ఈ ప్రెషర్‌కి ఇంత ప్రాధాన్యం ఎందుకో కూడా అప్పుడే చెప్పారు. సగం నీళ్ళు, సగం కూలెంట్ కలిపింది మామూలుగా అయితే 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత సరిగ్గా ప్రెషర్ పట్టి ఉంచితే 125 దాటేదాకా మరగదు. మూత రబ్బరు పోయినా చాలు, బాగున్న ఇంజిన్ కూడా పొంగిపోతుంది.

తర్వాత ట్యాంకు మూతి మీద గాజు గొట్టం పెట్టి, అందులో నీలం రంగు ద్రవం పోశారు. గాస్కెట్ పోయి సిలిండర్‌లో మండిన గ్యాసు కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా ముగ్గురం ఆ గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాం. నీలం నీలంగానే ఉంది. మా ఆవిడ ఆ రోజు ఆయనకి పెట్టిన పులస పులుసు గురించి వేరే పోస్టు రాయాలి.

మాస్టారు వెళ్తూ వెళ్తూ స్కానర్, అంటే కారు కంప్యూటర్‌లోని లెక్కలు చదివే పరికరం, నా చేతిలో పెట్టారు. డ్యాష్‌బోర్డు ముల్లుని నమ్మొద్దన్నారు. చాలా కార్లలో ఆ ముల్లు 80 నుంచి 100 పైదాకా కావాలనే మధ్యలో నిలబడేట్టు చేస్తారట, జనం కంగారు పడకుండా. అది కదిలేసరికి ఆలస్యం అయిపోతుంది. స్కానర్‌లో అసలు డిగ్రీలు కనిపిస్తాయి. ఇంకో మాట కూడా అన్నారు: "ఎప్పుడు వేడెక్కుతోందో అందరూ చెబుతారండి. ఎప్పుడు వేడెక్కట్లేదో రాసి పెట్టండి."

అలా రాయడం మొదలుపెట్టాక చిక్కు సగం విడిపోయింది. 80 స్పీడులో పోతుంటే ఎండలోనైనా 90, 92 దగ్గర గీత గీసినట్టు ఉంది. అంటే కూలెంట్ బాగానే తిరుగుతోంది. పంపుదీ థర్మోస్టాట్‌దీ తప్పు కాదు. ఆగినప్పుడు మాత్రమే 100 దాటి, 105 దాటి, పాలకొల్లులో ఒకసారి 112 చూపించింది. కారు కదులుతుంటే గాలి దానంతటదే రేడియేటర్‌లోకి వస్తుంది. ఆగితే ఫ్యానే దిక్కు. కాబట్టి లోపం నీళ్ళలో లేదు, గాలిలో ఉంది.

మూడో థాంక్స్ రావులపాలెంలో లారీ రేడియేటర్లు చేసే తమ్ముడికి. "ఇంత కిందికున్న కారు నేనెప్పుడూ ముట్టుకోలేదన్నా" అంటూనే జాగ్రత్తగా బంపర్ విప్పాడు. ముందు ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ), దాని వెనక రేడియేటర్, రెండింటి మధ్య వేలెడు సందు. ఆ సందు నిండా తాలు గింజలు, ఎండుగడ్డి, కొబ్బరి పీచు, ఒక కోడి ఈక కూడా. సార్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు కదా, నేల మీద పాకే ఈ బంపర్ ఆ పొట్టంతా నోట్లో వేసుకుంది. బయట నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే ఉంది, చెత్త దాని వెనకాల దాక్కుంది. అతను సర్వీసింగ్ గన్ వాడలేదు, రేకులు వంగిపోతాయన్నాడు. మామూలు పైపుతో ఫ్యాను వైపు నుంచి ముందుకి, చెత్త ఎటు నుంచి వచ్చిందో అటే పోయేలా కడిగాడు.

తేడా తెలిసింది. కానీ పూర్తిగా తగ్గలేదు. కొన్నాళ్ళకి నరసాపురం రోడ్డులో మళ్ళీ 109.

ఇక అసలు మనిషి. ఉండి దగ్గర ఏరేటర్ల (చెరువు నీళ్ళలో గాలి కలిపే యంత్రాల) మోటార్లు వైండింగ్ చేసే బాబాయ్ గారు. మా చెరువుల మోటార్లు ఆయనే చుడతారు. ఒక మోటారు తీసుకుందామని ఆ కారులోనే వెళ్ళి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి దిగాను. ఆయన చేతిలో పని ఆపి చెవి ఇటు పెట్టారు. "ఎడం పక్కది మూలుగుతోందేంటి?" అన్నారు. షెడ్డులోంచి పాత పేపరు ఒకటి చింపి, బంపర్ కుడి పక్క కన్నం ముందు పట్టుకున్నారు. ఫ్యాను లాగిన లాగుడికి పేపరు ఠపీమని జాలీకి అతుక్కుంది. అదే పేపరు ఎడమ పక్క పెడితే రెండుసార్లు ఊగి కింద పడిపోయింది. అంతమంది చూసిన కారు అది. ఆ పేపరు ముక్క ఎవరికీ తట్టలేదు.

ఫ్యాను తిరుగుతోంది గానీ బలంగా తిరగట్లేదు. ఫ్యూజు బాగుంది, ఫ్యానుకి కరెంటు వదిలే స్విచ్చు లాంటి రిలే బాగుంది. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు ఫ్యాను నుంచి కారు బాడీకి కరెంటు తిరిగి వెళ్ళే ఎర్తు వైరుకి మీటర్ పెట్టి "ఎర్తు బానే ఉందండి, కుయ్యిమంటోందండి, ఆయ్" అన్నాడు. బాబాయ్ గారు నవ్వారు. "ఒరేయ్, అది కుయ్యిమనడానికి ఒక్క పోగు చాలు. ఫ్యాను తిరగడానికి ఒక్క పోగు చాలుతుందా? లోడు మీద చూడు."

ఈ ముక్క కొంచెం విడమరిచి రాస్తాను, చాలామందికి పనికొస్తుంది. కంటిన్యుటీ, అంటే వైరు తెగిందా లేదా అని కుయ్యిమనే శబ్దంతో చూసేటప్పుడు మీటర్ వైరులోకి పంపేది అతి కొద్ది కరెంటు. ఫ్యాను లాగేది 20 ఆంపియర్ల దాకా. వైరులో పోగులన్నీ తెగి నాలుగే మిగిలినా మీటర్‌కి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అందుకని ఆయన ఫ్యాను తిరుగుతుండగానే మీటర్‌ని వోల్టుల్లో పెట్టి, ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొన ఫ్యాను ఎర్తు పిన్ను మీద ఉంచారు. బాగున్న ఎర్తు అయితే 0.2 లోపే ఉండాలి. కుడి పక్క 0.1 వచ్చింది. ఎడమ పక్క 3 వోల్టులు! 20 ఆంపియర్ల మీద 3 వోల్టులంటే 60 వాట్లు, ఆ జాయింటులోనే వేడిగా తగలడిపోతోంది. జాయింటు వేడెక్కేకొద్దీ కరెంటుకి అడ్డు పెరుగుతుంది, ఫ్యాను ఇంకా నీరసిస్తుంది. కాసేపు చల్లబడితేనో, గుంతలో పడి వైరు కదిలితేనో మళ్ళీ అంటుకుంటుంది. ఒక రోజు బాగుండి ఒక రోజు బాగోకపోవడానికి కారణం అదీ. కారు కంప్యూటర్ ఏ కోడూ చూపించకపోవడానికీ ఇదే కారణం. ఈ మోడల్లో అది రిలేని ఆన్ చేసి ఊరుకుంటుంది, ఫ్యాను ఎంత గట్టిగా తిరిగిందో దానికి తెలీదు.

ఎర్తు బోల్టు ఎక్కడుందో తెలీక అప్పటికప్పుడు విశాఖలో ఇదే కారు ఉన్న మిత్రుడికి ఫోన్ చేశాను. పెళ్ళి భోజనంలో ఉండి కూడా, చెయ్యి కడుక్కుని వైరింగ్ డయాగ్రం పేజీ పంపాడు. అతనికి నాలుగో థాంక్స్. ముందు చక్రం లోపలి ప్లాస్టిక్ తొడుగు వెనకాల, సరిగ్గా తడి మట్టి ఎగిరి పడే చోట ఉంది ఆ బోల్టు. పైకి వైరు కొత్తదానిలా ఉంది. బాబాయ్ గారు బ్లేడుతో పై తొడుగు చీలిస్తే లోపల రాగి లేదు, పచ్చటి చిలుం. వేలితో గీరితే పోగులు పొడిలా రాలాయి. "చెరువు గట్ల మీద రోజూ చూసేదే ఇది. ఉప్పు గాలి తొడుగు కింద నుంచి వైరులోకి పాకుతుంది, పైకి కనపడదు," అన్నారు.

మెరిసే రాగి తగిలేదాకా వైరు కోసేశారు. తగరం పూత ఉన్న కొత్త వైరు, లోపల జిగురు ఉండే హీట్ ష్రింకు (వేడి చేస్తే బిగుసుకునే తొడుగు), వైరు కొసకి బోల్టు పట్టే కొత్త లగ్గు వేశారు. బోల్టు కింద రంగు గీకి రేకు తేల్చి, బిగించాక పైన గ్రీజు పూశారు. మీటర్ 0.08 చూపించింది. పేపరు ఎడమ పక్క కూడా ఠపీమంది. కుర్రాడు చప్పట్లు కొట్టాడు. ఆయన తీసుకుంది వైరు, లగ్గుల డబ్బులు మాత్రమే. ఇంకా ఇవ్వబోతే "దాళ్వా అయ్యాక మోటార్లన్నీ ఒకేసారి తేకు, ముందే తెచ్చి పడెయ్, అదే పదివేలు" అన్నారు. తెస్తాను బాబాయ్ గారూ, ఈసారి మాట తప్పను.

మొన్న ధవళేశ్వరం బ్యారేజీ మీద ట్రాఫిక్ ఆగిపోయి, ఏసీ వేసుకునే కూర్చున్నాం. స్కానర్‌లో 100కి వెళ్ళగానే రెండు ఫ్యాన్లూ అందుకున్నాయి, 95కి దిగింది, మళ్ళీ 100, మళ్ళీ 95. మా ఆవిడ ఫోన్ చూసుకుంటూ నిద్రపోయింది. మాస్టారూ, మీ స్కానర్ ఈ ఆదివారం తెచ్చి ఇస్తాను.

వర్క్‌షాప్‌లో తీసేసిన పాత థర్మోస్టాట్, వాటర్ పంపు ఇంట్లోనే ఉన్నాయి. థర్మోస్టాట్‌ని వేడినీళ్ళలో వేసి చూశాను, చక్కగా తెరుచుకుంటోంది. పంపు బేరింగు చప్పుడు లేదు. ఇలాంటి కారే ఉండి ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, ఏ మోడలో చెబుతాను, సరిపోతే వచ్చి తీసుకెళ్ళండి. డబ్బులొద్దు. పంపుకి గాస్కెట్ మాత్రం కొత్తది కొనుక్కోండి.