మా ఇంటి బురద ఎత్తిపోసిన లయోలా స్నేహితులకు

విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధి నీళ్లు తీసి నెల దాటింది. గోడ మీద ఛాతీ ఎత్తున బురద గీత ఇంకా ఉంది. దీపావళి లోపు సున్నం వేయిస్తానంటున్నారు నాన్న. ఆ గీత చెరిగిపోకముందే ఈ నాలుగు మాటలు రాయాలి.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. మంచం మీదికి సామాన్లు ఎక్కించేలోపే బుడమేరు వాగు నీళ్లు మోకాళ్లు దాటాయి. నాన్న ఆటో మునిగిపోయింది. పై వాటా వాళ్లు తలుపు తీసి మా నలుగురినీ లోపలికి రమ్మన్నారు. వాళ్ల రుణం వేరే. కట్టకు పడిన మూడు గండ్లు పూడ్చేదాకా ఆ నీళ్లు అలాగే ఉన్నాయి. ఫోన్ ఆగిపోయేముందు క్లాస్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాను: "మేం బాగానే ఉన్నాం. ఇల్లు మునిగింది."

సాయం కావాలని అడగలేదు. అడగాలంటే సిగ్గేసింది. తెలుగు మీడియంలో చదివి ఆంధ్రా లయోలా కాలేజీలో చేరినవాణ్ణి. మొదటి ఏడాదంతా చివరి బెంచీలోనే కూర్చున్నాను. నాకు ఒంట్లో బాగోక రాకపోయినా ఎవరూ గమనించరనుకునేవాణ్ణి.

నీళ్లు తీసిన మర్నాడు ఎనిమిది మంది వచ్చారు. పారలు, తట్టలు, బ్లీచింగ్ పౌడర్ తెచ్చుకున్నారు. వాళ్లతో హాస్టల్ ఫాదర్ కూడా, ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని. వీధిని ఫైరింజన్ కడిగింది కానీ, ఇంట్లో బురద చేత్తో ఎత్తాల్సిందే. ఆ వాసన మాటల్లో చెప్పలేను. ఒక్కరూ ముక్కు మూసుకోలేదు. గుణదల నుంచి వచ్చిన మిత్రుడు నాయనమ్మ దేవుడి పటాలు ఒక్కొక్కటీ కడిగి, అద్దానికి అంటుకున్న వెంకటేశ్వరస్వామి బొమ్మను చిరగకుండా విడదీసి డాబా మీద ఆరబెట్టాడు. "నాయనమ్మా, ఆరాక ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగాడు. నాయనమ్మకు అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆ అబ్బాయి వాళ్లమ్మగారు మా అందరికీ పులిహోర కట్టి పంపారు.

రికార్డులు ముద్దయిపోయాయి. ల్యాబ్ మేడమ్ గడువు పెంచారు. ముగ్గురు మిత్రులు వారం రోజులు కాలేజీ అయ్యాక నాతో కూర్చుని రీడింగులు చదువుతుంటే మళ్లీ రాసుకున్నాను.

వీటన్నిటికంటే నా మనసులో నిలిచింది ఇంకొకటుంది. తర్వాతి శనివారం ఫోన్ వచ్చింది: "రేపు పొద్దున పాయకాపురం వెళ్తున్నాం, ఫస్టియర్ వాళ్ల ఇల్లు. నువ్వూ రావాలి, మనిషి తక్కువయ్యాడు." పాపం కదా, ఇంట్లో ఉండు అనలేదు. పార నా చేతికిచ్చారు. పని మధ్యలో టీ తాగుతుండగా ఫాదర్ గారు ఓ మాట చెప్పారు. 1973లో, మా కాలేజీని నడిపే క్యాథలిక్ గురువుల సంఘమైన జెస్యూట్ సభకు అప్పటి పెద్ద పెడ్రో అర్రూపె, తమ విద్యాసంస్థల్లో చదివినవాళ్లు ఇతరుల కోసం బతికే మనుషులు కావాలన్నారట. అది మా కాలేజీలో చాలాసార్లు విన్న మాటే. బురద చేతులతో విన్నది మాత్రం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి "మీ కాలేజీ ఏది" అని ఎవరైనా అడిగితే "మా లయోలా" అంటున్నాను.

ఎనిమిది మందికీ, ఫాదర్ గారికీ, మేడమ్‌కీ, పులిహోర పంపిన అమ్మగారికీ మా ఇంటిల్లిపాది నమస్కారాలు. మీలో ఎవరిదో పార మా ఇంట్లోనే ఉండిపోయింది. వచ్చే ఆదివారం, చర్చిలో పూజ అయ్యాక, అందరూ భోజనానికి రావాలని నాయనమ్మ మాట. గోంగూర పచ్చడి అప్పుడే నూరేసింది.